గడ్డి చెప్పు చరిత్ర



మన భాషలో విలువలేని వస్తువును గడ్డిపోచ అందుము. సంస్కృతమున తృణప్రాయమందురు. బాల్యమున అమరకోశము వల్లించి, పిదప ముప్పదియైదేండ్లు మార్కాపురము ప్రాంతపు బడులలో పాఠములు చెప్పిన నేనును ఈ మాటను ఎన్నడును శంకింపలేదు. అరువదేండ్లు దాటిన పిదప ఇప్పుడు శంకించుచున్నాను. ఏలయన ఈ గడ్డిపోచపై రాజులు పన్ను వేసిరి. దానికొఱకు మన పొరుగుసీమలో మనుష్యులు ప్రాణములు విడిచిరి. అది లేని యేట పశువులు పడిపోయి, ఊళ్ళకు ఊళ్ళు పాడుపడినవి. అట్టి గడ్డి మన నేలలో ఎక్కడ మొలచునో, అక్కడనే ఏల మొలచునో, ఒక్కొక్కచోట మొలచుట ఏల మానుకొనునో నేడు మీతో ముచ్చటించెదను.

మొదట మన సీమ స్వరూపమును కన్నులయెదుట నిలుపుకొనుడు. పడమట నల్లమల ఉత్తరదక్షిణములుగా గోడవలె సాగియున్నది. తూర్పున వెలిగొండలు. ఈ రెంటి నడుమనున్న లోయలో గిద్దలూరు, కంబము, మార్కాపురము ఉన్నవి. నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మ కంబము చెఱువున నిలిచి, ఆపై మలుపులు తిరిగి తూర్పు సముద్రమును చేరును. సగిలేరు దక్షిణముగా పోయి పెన్నలో కలియును. నైరృతి ఋతుపవనములు పడమటి కొండలను దాటి వచ్చునప్పటికి చాలవఱకు నీరసించును. ఈశాన్య ఋతుపవనములు సముద్రతీరమున కురిసినంతగా ఇచ్చట కురియవు. అడుగున పలకరాయి. దేశమందలి బిడ్డలు ఎందఱో అక్షరములు దిద్దిన మార్కాపురపు పలకలు ఈ రాతినుండియే వచ్చినవి. పలకరాతిపై మన్ను పలుచన. పడిన వాన కొంత పాఱిపోవును, కొంత యెండలో ఆవిరియగును. ఈ మూడు సంగతులను, అనగా కొండ, వాన, రాయి అను వానిని మనస్సున నుంచుకొన్నచో తక్కిన కథ సులభముగా తెలియును.

ఇప్పుడు గుండ్లకమ్మ యొడ్డున మొదలిడి కొండవైపు నడచి చూడుడు. ఏటి యిసుకలో రెల్లు మొలచును. వరద పెల్లగించినను ఇసుకలో పాఱిన దుంపవేళ్ళతో మఱల లేచును. వాగుల చెమ్మలో వట్టివేరు కానవచ్చును. దాని వేళ్ళు నిలువుగా లోతునకు దిగును గనుక గట్టు కోసికొనిపోదు. పొలముల గట్లపై గరికయు, నీరు నిలుచు మడులలో తుంగయు ఉండును. తుంగ చూపునకు గడ్డియే కాని, వృక్షశాస్త్రజ్ఞులు దానిని వేఱు కుటుంబమున చేర్చిరి. దాని కాడను వ్రేళ్ళ నడుమ త్రిప్పినచో మూడంచులు తగులును. గడ్డికాడ గుండ్రముగా నుండును. ఊరు దాటి గరపనేలపైకి పోయినచో చీపురుగడ్డి. కొండవాలున పందిముల్లు, మన పంచెలలోను, గొఱ్ఱెల తోళ్ళలోను గ్రుచ్చుకొనునది అదియే. ఇంకను పైన, బండల సందులలో, మన పెద్దలు ఇండ్లకు కప్పిన బోద. ఒక క్రోసెడు నడకలో ఇన్ని విధముల గడ్డి! వీనిని ఎవరును నాటలేదు. ఎవరును హద్దురాళ్ళు పాతలేదు. అయినను ఒకదాని చోటికి మఱియొకటి సామాన్యముగా రాదు.

దీనికి ప్రథమ కారణము నీరు. నీరు సమృద్ధిగా నున్నచోట పొడవైన గడ్డి పెరిగి, పొట్టిదానికి ఎండ తగులకుండ చేసి దానిని అణచివేయును. నీరు చాలనిచోట ఆ పొడవైనదే ముందు ఎండిపోవును. తక్కువతో బ్రదుకనేర్చిన పొట్టిజాతి నిలుచును. రెల్లును కొండపై నాటినచో చచ్చుటకు ఇదియే హేతువు. మన పూర్వులకు ఈ వివేకము లేకపోలేదు. ఆయుర్వేద గ్రంథములు దేశమును మూడు విధములుగా విభజించినవి. నీరు తక్కువై గాలియు ఎండయు అధికమైనది జాంగలము. నీరు నిండినది ఆనూపము. రెండును కలిసినది సాధారణము. మందు మొక్కను పెఱుకునప్పుడు అది ఏ దేశమునందు పెరిగినదో చూడవలెనని వైద్యులకు విధించిరి. మన లోయలో కొండ జాంగలము, చెఱువుగర్భము ఆనూపము. నడుమనున్న చేలు సాధారణము.

రెండవ కారణము మన్ను. మన సీమనుండి ఒంగోలువైపు పోయినచో ఎఱ్ఱనేల పోయి నల్లరేగడి వచ్చును. రేగడి వాననీటిని నెలలతరబడి పట్టియుంచును. అచ్చట చెంగలిగడ్డి పెరుగును. అది పశువులకు మిక్కిలి ప్రియమైన మేత. లోకప్రసిద్ధములైన ఒంగోలు గిత్తలు ఆ నల్లరేగడి సీమ పశువులు. మన గరపనేలపై అట్టి బరువైన పశువు కడుపు నిండుట కష్టము. అందుచేతనే ఇచ్చట గొఱ్ఱెలును మేకలును హెచ్చు. మన్ను గడ్డిని నిర్ణయించెను. గడ్డి పశువును నిర్ణయించెను. పశువు మన కులవృత్తులను, మన సంతలను నిర్ణయించెను. చరిత్రకారులు రాజులతో కథ మొదలుపెట్టుదురు. నేను మంటితో మొదలుపెట్టుచున్నాను.

మూడవది ఎండనీడలు. మన ఉష్ణదేశపు గడ్డిజాతులలో చాలవానికి గాలిలోని బొగ్గుపులుసు వాయువును ఆకులలో దట్టముగా కూడబెట్టుకొని వాడుకొను ఏర్పాటు కలదని నేటి శాస్త్రము చెప్పుచున్నది. అందుచేత అవి మండుటెండలో సయితము తక్కువ నీటితో త్వరగా పెరుగును. కాని ఆ ఏర్పాటును నడుపుటకు ఎండయే పెట్టుబడి. చెట్లు దట్టమై నీడ కమ్మినచో ఆ గడ్డి క్షీణించును. నల్లమలలో చెట్లు పలుచగా నున్న వాలులపై గడ్డి నడుమెత్తు పెరుగుటయు, లోయల దట్టపు నీడలో అది కానరాకపోవుటయు ఇందువలననే. అయితే ఆ చెమ్మ లోయలలో వెదురు పెరుగును. వెదురును గడ్డి కుటుంబములోనిదే యని వృక్షశాస్త్రజ్ఞులు నిశ్చయించిరి. మన అమరసింహుడు వెదురునకు తృణధ్వజమని, అనగా గడ్డిజాతికి జెండాయని, ఒక పేరు చెప్పియేయున్నాడు. చిన్ననాడు అర్థము తెలియక వల్లించిన ఆ మాట వృద్ధాప్యమున నాకు బోధపడినది.

నాలుగవది నిప్పు; ఐదవది పశువుల పన్ను. వాన, మన్ను, ఎండ మన చేతిలో లేవు. ఈ రెండును మన చేతిలోనివి.

నిప్పును గూర్చి పందిముల్లే చక్కని నిదర్శనము. దాని విత్తునకు పొడవైన మెలితిరిగిన మీసముండును. తేమ తగిలినప్పుడు మీసము మెలి విప్పుకొనుచు, ఎండినప్పుడు మఱల మెలిపడుచు, బరమావలె విత్తును మంటిలోనికి దించును. తరువాత వేసవిలో కార్చిచ్చు పైపై పోయినను లోపలి విత్తు బ్రదికియుండును. కావున ఏటేట తగులబెట్టు కొండపై మెత్తని మంచి మేతజాతులు క్రమముగా తగ్గి పందిముల్లు ప్రబలును. అది పూతకు రాకముందు కోసిన మంచి మేతయే. విత్తు పట్టిన పిదప జీవాల నోళ్ళను పుండుచేయును.

పశువుల పన్ను సంగతి ఇంకను సూక్ష్మము. పశువు రుచిగలదానిని ముందు కొఱుకును. మంద హెచ్చై విరామము లేనప్పుడు రుచిగల జాతి విత్తు వేయకమునుపే మాటిమాటికి తెగి నశించును. పశువు ముట్టనిది మిగులును. బోదజాతి గడ్డిలో ఘాటైన నూనె యుండుటచే ముదిరిన పిదప పశువులు దానిని తినవు. అందుచేత అది కొండపై నిలుచును. గరిక మఱియొక ఉపాయమున బ్రదుకును. అమరకోశమున గరికకు శతపర్విక, రుహ, అనంత అను పేర్లున్నవి. నూఱు కణుపులు గలది, మఱల మొలచునది, అంతము లేనిది. అది నేలకు అంటి ప్రాకి ప్రతి కణుపునను వేరు దన్నును. పశువు పైయాకును కొఱికినను ప్రాణము నేలమీది కణుపులో నుండును. మూడు పేర్లలో దాని జీవితమంతయు ఉన్నది.

దేశమంతట గడ్డినేలలను పరిశీలించి దబడ్‌ఘావ్, శంకరనారాయణ్ అను శాస్త్రజ్ఞులు 1973లో ఒక గ్రంథము ప్రకటించిరి. వారు భారతదేశపు గడ్డినేలలను ఐదు విభాగములు చేసిరి. మన దక్షిణాపథపు మెట్టనేలలు అందులో సెహిమ, డైకాంథియము అను మేతజాతుల పేర నున్న విభాగమున చేరును. బాగుగా కాపాడిన నేలపై ఈ జాతులు నిలుచుననియు, మేపు హెచ్చినకొలది పందిముల్లు మొదలగునవి వచ్చుననియు, ఇంకను హెచ్చినచో చీపురుగడ్డియు అల్పమైన ఏకవార్షిక జాతులును మిగులుననియు వారు సోపానముగా చూపిరి. ఆ మెట్లు దిగుట ముగిసిన పిదప మిగులునది రాయి. కావున ఒక బీటిని చూచినప్పుడు ఇచ్చట ఏ గడ్డి యున్నదని అడిగినచో, ఆ నేల గడచిన ఏబదియేండ్లలో ఏమేమి అనుభవించినదో తెలిసికొనవచ్చును. ఇదియే నేను చెప్పదలచిన ముఖ్యవిషయము. గడ్డి నేలపై వ్రాసిన శాసనము. చదువనేర్చినవారికి అది అబద్ధము చెప్పదు.

ఇక మనుష్యుల కథకు వత్తము. కౌటిల్యుడు అర్థశాస్త్రమున సాగునకు రాని నేలను పశువుల మేతకు విడువవలెనని విధించి, మేతబయళ్ళకు వివీతాధ్యక్షుడను అధికారిని చెప్పెను. మనుస్మృతి ఊరిచుట్టు నూఱు ధనుస్సుల వెడల్పున పశువులకై నేల విడువవలెననియు, పట్టణమైనచో దానికి మూడురెట్లు విడువవలెననియు చెప్పినది. ధనుస్సనగా నాలుగు మూరలు. ఆ లెక్కను సుమారు ఆఱువందల అడుగులు. కాకతీయుల కాలపు పన్నులలో పుల్లరి యొకటి. పుల్లనగా గడ్డి, అరి యనగా పన్ను. రాజులు పన్ను తీసికొనిరి గాని మేతనేల అక్కఱలేనిదని తలపలేదు.

1876 మొదలు 1878 వఱకు వచ్చిన మహాక్షామము పెద్దలనోట ధాతకఱవుగా నిలిచినది. నాడు కంబము, మార్కాపురము తాలూకాలు కర్నూలు జిల్లాలోనివి. 1970లో ప్రకాశము జిల్లా ఏర్పడు వఱకు మనము ఆ జిల్లావారమే. ఆ కఱవున కర్నూలు జిల్లా జనము సుమారు నాలుగవవంతు తగ్గిపోయెను. మేత లేక ముందు పశువులు పోయెను. దున్నుటకు ఎద్దులు లేక, వాన వచ్చిన పిదప సయితము చేలు బీడుపడెను. గడ్డి తృణప్రాయము కాదని తెలియుటకు ఇంతకంటె సాక్ష్యమేల?

1882లో మద్రాసు అటవీశాసనము వచ్చెను. కొండలకు హద్దులు పడెను. మేపుటకు చీట్లు, రుసుములు ఏర్పడెను. అడవిని కాపాడవలెనను ఉద్దేశము తప్పని నేననను. కాని కొండ మూతపడగా మందలన్నియు ఊరి బీటిపైకి దిగినవి. మనకు ఉత్తరముననున్న పల్నాటిలో ఈ పుల్లరి భారము 1921లో సత్యాగ్రహమునకు దారితీసినది. ఉన్నవ లక్ష్మీనారాయణ పంతులుగారు ఆ సందర్భమున చెఱసాలకు పోయిరి. 1922 ఫిబ్రవరిలో మించాలపాడున కన్నెగంటి హనుమంతు తుపాకిగుండ్లకు నేలకొరిగెను. పశువుల మేతకై పన్ను కట్టమన్న మాటకు ఆయన యిచ్చిన వెల ప్రాణము.

ఈ పెద్ద సంఘటనల నడుమ ఒక చిన్న సంఘటన జరిగినది. దానిని చరిత్రపుస్తకములు చెప్పవు. 1877లో, ఆ కఱవు నాళ్ళలోనే, జమైకా ద్వీపమునుండి తెచ్చిన విత్తనములను కడప జిల్లా కమలాపురమున నాటిరి. వంటచెఱకు దొఱకునని నాటి అటవీ అధికారుల తలంపు. ఆ మొక్కయే సర్కారు తుమ్మ. దాని వేళ్ళు మిక్కిలి లోతునకు పోవును. ఆకు పశువులు తినవు. కాయ తిని, గింజను పేడతో ఊరంతట చల్లును. దాని క్రింద నీడయు పోటీయు హెచ్చి గడ్డి నిలువదు. కమలాపురము మనకు దూరము కాదు.

ఇచ్చట నా దోషమును చెప్పుకొనవలసియున్నది. 1986లో, ఉద్యోగమునకు క్రొత్తగా వచ్చిన దినములలో, బడిపిల్లలను వెంటబెట్టుకొని ఒక ఊరి బంచరాయిపై నేనే సర్కారు తుమ్మ గింజలు చల్లించితిని. పచ్చదనము పెంచుచున్నానని నా గర్వము. గొఱ్ఱెలు కాయుచున్న వృద్ధుడొకడు కఱ్ఱపై గడ్డమానించి చూచుచుండెను.

"ఏం సల్లుతుండారు అయ్యవారూ?" అనెను.

"చెట్లు తాతా. ఈ బీడంతా పచ్చబడుతుంది" అంటిని.

"బీడెక్కడిది అయ్యవారూ, ఇది మేత. ఈ కంప కింద గడ్డి రాదు. మా జీవాలు యాడికి పోవాల?"

చదువులేనివాడని నేను నవ్వి ఊరకుంటిని. పదునైదేండ్లకు ఆ బంచరాయి కంపతో మూసికొనిపోయెను. ఆ వృద్ధుని కుమారులు గొఱ్ఱెలనమ్మి కూలికి పోయిరి. ఆయన నాకు నేర్పవచ్చిన పాఠమును నేను వినలేదు. పుస్తకములలో అదే సంగతిని చదివినప్పుడు గాని నాకు తెలివిరాలేదు.

నా చిన్ననాట మా తాతగారు మందను నడిపిన తీరు ఇప్పుడు జ్ఞాపకమునకు వచ్చుచున్నది. తొలకరిలో చేల ప్రక్కనున్న గరపపై మేపుదురు. అచ్చట చిన్నగడ్డి ముందు మొలచును, ముందు ఎండును. కొండవైపు గడ్డి విత్తు రాలువఱకు పోనీయరు. వేసవిలో చెఱువు నీరు తగ్గినకొలది బయటపడు గర్భమున గరికయు తుంగయు మేతయగును. ఏ నేలకు ఏ ఋతువున ఓర్పు కలదో ఎఱిగి నడిపినారు. అది శాస్త్రమని ఆయన ఎఱుగరు, మేమును ఎఱుగము.

పెద్దలారా, మీ ఊరి లెక్కలలో మేత పోరంబోకు అని వ్రాసిన నేల యెంతయున్నదో మీకే తెలియవలెను. అందులో గడ్డి లేకున్నచో దానిని బంజరని, పనికిరానిదని పిలుచుట సులభమగును. ఒక్కమాఱు ఆ పేరు పడినచో అది ఎవరికో ఒకరికి దక్కును. 2011 జనవరి 28న సర్వోన్నత న్యాయస్థానము గ్రామ ఉమ్మడినేలల ఆక్రమణలను తొలగించి ఊరికి అప్పగించుటకు ఏర్పాటు చేయవలెనని రాష్ట్రప్రభుత్వములను ఆదేశించినది. తీర్పు కాగితమున నున్నది. దానిని నేలమీదికి తెచ్చువారు గ్రామసభలో కూర్చుండు మీరే.

చేయదగిన పనులు మూడు. మొదటిది, మేతనేల హద్దులను లెక్కలతో సరిచూచి గ్రామసభలో నమోదు చేయించుట. రెండవది, మేతనేలలో మొలచిన సర్కారు తుమ్మను కాయ పట్టకమునుపు వేరుతో పెల్లగించుట. బొగ్గు కాల్చుకొని బ్రదుకు పేదలకు దానిని ఇండ్లకు, చేలకు దూరముగా ఒకచోట విడువవచ్చును. మూడవది, బీటిని మూడు భాగములు చేసి, ఏటికొక భాగమును వాన మొదలుకొని విత్తు రాలువఱకు మూసియుంచుట. కోసికొనిపోవచ్చును, మేపరాదు. ఆ కోత కూలి లేనివానికి పని, పశువున్నవానికి ఎండుమేత.

నేను విశ్రాంతి తీసికొన్న పిదప మా ఊరిలో పెద్దలను ఒప్పించి నాలుగెకరములలో ఈ పని చేయించితిని. మొదటియేట పిచ్చిమొక్కలు వచ్చినవి. ఇదియా నీ గడ్డి యని నన్ను ఎగతాళి చేసిరి. రెండవయేట చీపురుగడ్డి నిండినది. మూడవయేట, గట్టువార నీరు నిలిచిన పల్లమున, నేను పేరెఱుగని మెత్తని పొడవైన గడ్డి కొంతమేర లేచినది. ఎనుబదేండ్ల గొల్లపెద్ద యొకడు దానిని చేతబట్టి, వాసన చూచి, "ఇది మా నాయన కాలంలో ఉండేది" అనెను. విత్తో వేరో ఎక్కడనో మిగిలియుండి, ఇన్నియేండ్లు చోటుకొఱకు కాచుకొనియున్నది. మెట్లు దిగిన నేల మఱల ఒక మెట్టు ఎక్కినది. తక్కిన మెట్లకు ఇంకను కొన్ని వానకాలములు పట్టును; వానిని అన్నిటిని నేను చూడకపోవచ్చును. మీ మనుమలు చూతురు.

ఈ వానకాలమున మీ ఊరి బీటికి ఒక్కమాఱు నడచి, వంగి, ఏ గడ్డి యున్నదో చూడుడు. పేరు తెలియకున్నచో ఊరిలోని గొఱ్ఱెలకాపరిని అడుగుడు. నేను ఆనాడు అడుగలేదు.

సెలవు.